మొదట ఎక్కడికి?
(జగదల్‌పూర్‌లో జరిగిన వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను బస్తరులో చూడదగిన స్థలాల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆ స్థలాల పేర్లు మీకందరికీ తెలిసినవే. అందుకని ఒక చిన్న ప్రశ్న మాత్రం తీసుకుంటాను. దసరా సెలవులకు విశాఖపట్నం నుంచి కిరండూల్ బండిలో అమ్మానాన్నలు, బావమరుదులు, పిల్లలు దిగుతారు. మీకు దొరికిన సెలవు రెండు రోజులు. వానలు ఇప్పుడిప్పుడే తగ్గాయి. మొదట ఎక్కడికి తీసుకెళ్ళాలి?

నిజం చెప్పాలంటే దీనికి జవాబు నేను ఇక్కడ నేర్చుకోలేదు, మంచులో నేర్చుకున్నాను. మన సైన్యం 1948లో గుల్మార్గ్‌లో ఒక స్కీ స్కూలు మొదలుపెట్టింది. అదే తరవాత హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలు అయింది. అక్కడ కోర్సు చేసినవాళ్ళు ఈ సభలో కూడా ఉండే ఉంటారు. నేను వెళ్ళిన ఏడాది తొలిమంచు రాత్రికి రాత్రే పడింది. సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, తెల్లవారి చూస్తే కొండంతా తెల్లగా ఉంది. స్కీలు బిగించుకొని పెద్ద వాలు మీదికి ఎప్పుడెప్పుడు వెళ్దామా అని ఒకటే తొందర.

మా ఉస్తాద్ అటు పోనివ్వలేదు. దగ్గర్లోని చిన్న పచ్చికబయలుకు తీసుకెళ్ళాడు. మాకందరికీ ముఖాలు ముడుచుకుపోయాయి. ఆయన అన్నాడు: “పైన మంచు ఎక్కువే, కానీ దాని కింద బండలున్నాయి. ఇక్కడ మంచు తక్కువే, కానీ కింద గడ్డి ఉంది. సీజను మొదట్లో పైన ఎంత పడిందని చూడకండి, కింద ఏముందో చూసి చోటు ఎంచుకోండి.”

క్యాలెండరును నమ్ముకోకూడదన్నది రెండో పాఠం. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. ఫలానా నెల వచ్చింది కదా అని కొండ మన మాట వినదు.

ఇంత తెలిసినవాణ్ణి, బస్తరు వచ్చాక ఆ మాట మరిచిపోయాను. వానలు పూర్తిగా వెనక్కి తగ్గకముందే కుటుంబంతో ఒక జలపాతానికి వెళ్ళాను. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఫోటో బాగా వస్తుందని నేనే వాణ్ణి ఒక బండ మీద నిలబడమన్నాను. ఎండకు పైకి పొడిగానే కనిపించింది. అంచున పాచి ఉంది. వాడు జారాడు. కట్టెలమోపుతో వెళ్తున్న ఒక గిరిజన యువకుడు మోపు పారేసి, వాడి చొక్కా పట్టుకు లాగాడు. మణికట్టు విరిగింది, ప్రాణం దక్కింది. తిరిగి వచ్చే దారిలో మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మంచులో ఎంతోమంది కుర్రాళ్ళకు పాఠం చెప్పినవాణ్ణి, నా బిడ్డ కాలి కింద ఏముందో చూడలేదు.

అందుకే ఇప్పుడు నా వరస ఇదీ.

అక్టోబరులో చుట్టాలు వస్తే మొదట చిత్రకోట్. జగదల్‌పూర్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఇంద్రావతి అక్కడ దాదాపు 95 అడుగులు దూకుతుంది. వానల తరవాత గుర్రపునాడా ఆకారం నిండా ఎర్రటి నీరు పరుచుకుంటుంది. ఈ వైభవం వేసవిలో ఉండదు. పైనుంచే కన్నులారా చూడవచ్చు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కూడా ఇబ్బంది లేదు. అంచుకు మాత్రం పోవద్దు. కింద పడవ షికారు నీరు తగ్గి తేటపడ్డాక పెట్టుకోండి.

తీరథ్‌గఢ్ డిసెంబరుకు ఉంచండి. కాంగేర్ లోయలో సుమారు 300 అడుగుల ఎత్తు నుంచి నీరు అంచెలంచెలుగా దిగుతుంది. చూడాలంటే మనమూ మెట్లు దిగాలి. పిల్లలు నీళ్ళలో దిగుతామని మారాం చేసేది ఇక్కడే. పాచి ఆరని రోజుల్లో వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

కుటుంసర్ గుహ కూడా 1982లో ఏర్పడిన ఈ కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలోనిదే. సున్నపురాతి గుహ. వానాకాలంలో నీరు చేరుతుంది కనుక మూసేస్తారు, మామూలుగా నవంబరులో తెరుస్తారు. బయలుదేరే ముందు అటవీశాఖ వాళ్ళను అడగండి. దారి ఇరుకు, లోపల చీకటి, గైడు లేకుండా అడుగు వేయకూడదు. ఆయాసం ఉన్నవాళ్ళు బయటే కూర్చోవడం మంచిది. ఆ చీకటి నీళ్ళలో బతికే గుడ్డి చేపల గురించి పిల్లలకు చెప్పండి, జన్మలో మరిచిపోరు.

ఇక్కడ మనవాళ్ళకు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. గేటు మూసి ఉంటే జేబులోంచి కార్డు తీసి చూపించే అలవాటు మనలో కొందరికి ఉంది. గార్డు మొహమాటపడి తీస్తాడేమో. నీళ్ళు మన ర్యాంకు చూడవు, బండ మన సర్వీసు అడగదు.

మరి ఆ రెండు రోజులూ వాన పట్టుకుంటే? ఊళ్ళోనే ఉండండి. 75 రోజుల బస్తరు దసరా ఇక్కడిది. రావణ దహనం ఉండదు, దంతేశ్వరి అమ్మవారి పేరు మీద పెద్ద రథం లాగుతారు. ఇక్కడి రాజవంశానికి మూలపురుషుడైన అన్నమదేవుడు ఓరుగల్లు కాకతీయుల వాడని చెబుతారు. మన పెద్దలకు ఆ కథ చెబుతూ రథం చూపిస్తే జలపాతం చూడలేదన్న లోటు ఉండదు.

చివరగా ఒక్క మాట. చిత్రకోట్ నీళ్ళు ఇంద్రావతిగా, తీరథ్‌గఢ్ నీళ్ళు శబరిలో కలిసి, చివరికి గోదావరికే చేరతాయి. అంటే ఇవాళ మనం చూడకుండా వదిలేసిన నీళ్ళు మన ఊళ్ళ వైపే వెళ్తున్నాయి. జలపాతం వచ్చే నెలా అక్కడే ఉంటుంది. మన పిల్లలూ మనతో ఉండాలి కదా.

సెలవు. జై హింద్.