డిశ్చార్జి తర్వాత మొదలయ్యే వైద్యం

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ మనఃపూర్వక అభినందనలు.

మీలో చాలామంది పక్షవాతం వచ్చినవాళ్లకు, ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం చేయబోతున్నారు. నా వృత్తి జీవితమంతా గడిచింది వాళ్లు వచ్చే ఓపీలోనే. కాబట్టి దాని గురించే మాట్లాడతాను.

పక్షవాతం వస్తే పరుగెత్తుకెళ్లడానికి ఈరోజు 108 ఉంది. రక్తపు గడ్డ అడ్డుపడి వచ్చినదైతే నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. మనిషి ప్రాణంతో బయటపడతాడు. కొద్దిరోజులకు డిశ్చార్జి కాగితం చేతికొస్తుంది. మందుల జాబితా అయ్యాక చివర్లో ఒక్క లైను ఉంటుంది: ఫిజియోథెరపీ చేయించుకోవలెను. ఎక్కడ చేయించుకోవాలి, ఎన్నాళ్లు, ఖర్చెంత, ఊరినుంచి తీసుకొచ్చేదెవరు, తోడొచ్చినవాళ్ల కూలి పోతే ఎలా? ఇవేవీ ఆ లైనులో ఉండవు. మన పేషెంట్లు మన చేతుల్లోంచి జారిపోయేది అక్కడే. ఒకసారి వస్తారు, రెండుసార్లు వస్తారు, తర్వాత కనిపించరు. ఈలోగా ఎవరో పసరు మందు చెబుతారు, ఇంకెవరో పావురం రక్తం రాయమంటారు. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. మీ మొదటి బాధ్యత వ్యాయామం నేర్పడం కాదు, పేషెంటు మళ్లీ వచ్చేలా చూడటం.

డిశ్చార్జి తర్వాత కూడా థెరపీ అందితే మేలని ఆధారాలున్నాయి. పక్షవాతం తర్వాత ఇంటి దగ్గరే ఉంటున్న 1,617 మందిపై జరిగిన 14 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి 2004లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. థెరపీ అందిన ప్రతి వందమందిలో ఏడుగురు, అది లేకపోతే దిగజారేవాళ్లు, దిగజారకుండా నిలిచారని తేలింది. ఏడుగురేనా అనకండి. స్నానానికి, మరుగుదొడ్డికి ఇంకొకరి మీద ఆధారపడే స్థితి తప్పిందంటే ఆ ఇంట్లో ఇంకో మనిషి పనికి వెళ్లగలిగినట్టే.

మరి థెరపిస్టులు తక్కువైనచోట ఇంటివాళ్లకే నేర్పి పంపేస్తే సరిపోదా? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై దీన్ని పరీక్షించారు. ఆ అటెండ్ అధ్యయనం 2017లో వెలువడింది. ఆరు నెలలకు చూస్తే, చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి, ఇంటివాళ్లకు నేర్పిన వర్గంలోనూ నేర్పని వర్గంలోనూ 47 శాతమే. ఇంటివాళ్ల ప్రేమలో లోటుందని దీనర్థం కాదు. తర్ఫీదు పొందిన మనిషి చేయాల్సిన పనిని కూతురి మీదో కోడలి మీదో వదిలేసి మనం చేతులు దులుపుకోలేమని నాకు అర్థమైంది. ఇంటివాళ్లకు తప్పకుండా నేర్పండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగి లేపొద్దని, భుజం కీలు జారుతుందని చెప్పండి. నిటారుగా కూర్చోబెట్టే నీళ్లు తాగించమనండి, తాగేటప్పుడు దగ్గు వస్తే వెంటనే మీకు చెప్పమనండి. నేర్పాక కూడా వాళ్ల పక్కనే ఉండండి.

పేషెంటు మళ్లీ రావాలంటే రావడానికి ఒక కారణం ఉండాలి. నా దగ్గరికి ఒకమ్మ వచ్చేది. కుడివైపు పడిపోయింది. ఎడమచేత్తో స్పూను పట్టుకుని తినడం నేర్చుకుంది. కేసు షీటులో దాన్ని స్వయంగా భోజనం చేయడం కిందే రాసుకున్నాం. ఆమెకు మాత్రం అది భోజనమే కాదు. "ఎడంచేత్తో తిన్నది తిండేనా నాయనా? నా చేత్తో నేను ముద్ద కలుపుకోవాలి" అనేది. సరే, ఆ ముద్దనే వ్యాయామం చేశాం. కంచం జారకుండా కింద తడిగుడ్డ పరిచాం. మోచెయ్యి బల్లకు ఆనించాం. మొదట గోధుమపిండి ముద్ద, తర్వాత మెత్తగా కలిసే పప్పన్నం. వేళ్లు ముడవడం తొందరగానే వచ్చింది, విప్పడమే రాలేదు. ముద్ద నోటిదాకా వెళ్లేది, వేళ్లు దాన్ని వదిలేవి కావు. వదలడం మీదే వారాల తరబడి కూర్చున్నాం. రబ్బరు బంతి నొక్కమంటే విసుక్కునే మనిషి, కంచం ముందు కూర్చుంటే ఆపమన్నా ఆపేది కాదు. ఓపీకి ఒక్కరోజు నాగా పెట్టలేదు.

కాబట్టి ఏ పని మళ్లీ చేయాలని ఉందో ప్రతి ఒక్కరినీ అడగండి. పొలం గట్టు మీద నడవాల్సిన రైతును నున్నటి టైల్స్ మీద నాలుగు అడుగులు నడిపించి, బాగుపడ్డాడని రాసి పంపకండి.

మూడు నెలలు దాటిందా, ఇక వచ్చినంతే అని మీకు చాలామంది చెబుతారు. తొలి నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుందన్నది నిజమే. కానీ 2006లో వచ్చిన ఎక్సైట్ అధ్యయనం పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందిని తీసుకుంది. మణికట్టు, వేళ్లు కొంతైనా కదిలేవాళ్లను ఎంచుకుని, సగంమందికి బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాలపాటు బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. వాళ్ల చెయ్యి మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. క్యాలెండరు చూసి ఎవరి చేతినీ వదిలేయకండి.

స్పీచ్ థెరపీ చదివినవాళ్లకు ఒక మాట. మాట పడిపోయిన పెద్దాయన్ని మీరు పేరు అడిగితే పక్కనున్న కొడుకు చెప్పేస్తాడు. కొడుకుని ఆపి పెద్దాయన వైపే చూడండి, ఆగండి. పోయింది మాట మాత్రమే, మనిషి తెలివి కాదు. ఇలా మాట పోవడాన్ని అఫేసియా అంటారు. అది శాశ్వతంగా మిగిలితే 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని వైకల్యంగా గుర్తిస్తుంది. చెయ్యి, కాలు పడిపోతేనే వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ ఇస్తారని చాలా ఇళ్లలో అనుకుంటారు. మాట పోవడం కూడా వైకల్యమేనన్న సంగతి చెప్పాల్సింది మీరే.

తలకు దెబ్బ తగిలిన కుర్రాళ్ల కష్టం ఇంకోరకం. 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 ప్రాణాలు తీశాయి. బతికి బయటపడ్డవాళ్లలో కొందరు చక్కగా నడుస్తూ మీ దగ్గరికొస్తారు. నడుస్తున్నాడు కదా, బాగైపోయాడంటారు అందరూ. ఇంట్లో మాత్రం చెప్పింది మరిచిపోతాడు, చిన్నదానికే కోపం తెచ్చుకుంటాడు, రెండు పనులు చెబితే గాభరా పడతాడు. పొగరంటారు, బద్ధకమంటారు. అది గాయమని ఆ తల్లికి మీరు వివరించి చెబితే ఆ ఇల్లు నిలబడుతుంది. ఒకసారికి ఒకే పని, జేబులో డైరీ, ఫోనులో అలారం, కొద్దికొద్దిగా ఉద్యోగంలోకి తిరిగి వెళ్లడం: అదంతా వైద్యమే.

వేదిక మీది పెద్దలకు ఒక విన్నపం. నగరాలకు రాలేనివాళ్ల కోసం ఏరియా ఆసుపత్రుల్లో వారానికి రెండు రోజులైనా మూడు రకాల థెరపిస్టులూ ఒకేచోట దొరికే ఏర్పాటు చేయండి. పట్టభద్రులారా, అలాంటి చోట ఉద్యోగం వస్తే చిన్న ఊరని వెనకాడకండి. మీ అవసరం ఎక్కువగా ఉన్నది అక్కడే.

రేపటినుంచి ఒక్క అలవాటు చేసుకోండి. పేషెంటు కుర్చీలోంచి లేచేముందు తర్వాత వచ్చే తేదీ, ఎక్కాల్సిన బస్సు, తోడు వచ్చే మనిషి, ఈ మూడూ తేల్చుకుని పంపండి. ఆ రోజు రాకపోతే ఫోన్ చేయండి. డబ్బు అడ్డమైతే ఫీజు మాట తర్వాత చూసుకోండి, దూరం అడ్డమైతే వారానికొకసారైనా రమ్మనండి, ఆశ పోయిందంటే వచ్చేదాకా పిలవండి. మీ దగ్గరికొచ్చినవాళ్లు మధ్యలో మానేయరన్న పేరు మీకు రావాలని మనసారా ఆశీర్వదిస్తున్నాను.