పరదేశంలో భోజనం
(బషీర్‌బాగ్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్ళిన మనలో చాలామంది పెరుగన్నంతోనే నెలలు గడిపి వస్తున్నారు. ఎవరైనా భోజనానికి పిలిచినా గడప దాటరు.

మారిషస్‌లో నేను ధాల్ పురీ తిన్నాను. ఉడికించిన బఠాణీ పప్పును పొడిచేసి, మైదా రొట్టెలో కూరి కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టనుకోండి! 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళిన తెలుగువారి సంతతికీ అది ఇంటి తిండే. మలేషియా నాసి లెమాక్ కొబ్బరిపాలతో వండిన అన్నమే. అయితే వెంట వడ్డించే సంబల్ కారంలో సాధారణంగా ఎండుచేపలో, రొయ్యల ముద్దో ఉంటాయి. శాకాహారులు మొహమాటపడక ముందే అడగాలి. షుగరున్నవారు రుచి మాత్రం చూడాలి.

ఈ బషీర్‌బాగ్‌లో మనం తాగే ఇరానీ చాయ్, రంజాన్ హలీమ్ ఒకప్పుడు పరదేశం నుంచి వచ్చినవే కదా! పిలిచినవారి వంటను అడిగి, కొద్దిగా, ఆదరంగా తిందామని నా మనవి. సెలవు.