నిక్షేప వినోదము

నిక్షేపమనగానే మనకు లంకెబిందెలు, అంజనము స్ఫురించును. నేను చెప్పబోవు దానిలో బంగారముండదు. చిన్న డబ్బా, అందొక చేవ్రాళ్ల పుస్తకము, అంతియే. దాచినవాడు ఆ చోటి అక్షాంశ రేఖాంశములను ప్రకటించును. తక్కినవారు ఉపగ్రహ సంకేతముల నందుకొను యంత్రము చేతబట్టి వెదకి, పుస్తకమున పేరు వ్రాసి, డబ్బాను యథాస్థానమున నుంచి వత్తురు. చేవ్రాలు లేదా, మా బడి హాజరుపట్టీలోవలె గైరుహాజరే! దీనిని జియోకాషింగ్ అందురు.

అమెరికా ప్రభుత్వము ఆ సంకేతములందు తాను బుద్ధిపూర్వకముగా కలుపుచుండిన దోషమును 2000 మే 2వ తేదీన తొలగించెను. మరునాడే డేవ్ ఉల్మర్ అనునతడు ఆరిగన్ రాష్ట్రమున నొక బాల్చీని సగము పాతి, అందు కొన్ని వస్తువులతోపాటు చిక్కుడుగింజల డబ్బానుంచెను. చిత్రమేమనగా, ఆ మూలపురుషుని బాల్చీ నేటి నియమములకు నిలువదు. స్థలస్వామి స్పష్టమైన అనుమతి లేక నేల త్రవ్వరాదు, వాసనకు జంతువులు చేరును గనుక తినుబండారము పెట్టరాదు.

తొలిసారి దాచగోరువారు ముందుగా ఇతరులు దాచినవి కొన్ని వెదకి చూడుడు. మీది మరియొకదానికి 161 మీటర్ల లోపల నుండరాదు. నీరు చొరని డబ్బా కావలెను. అన్నిటికంటె ముఖ్యము స్థలస్వామి అనుమతి. 2011లో ఇంగ్లండునందలి వెదర్బీ పట్టణమున నొక ఫలహారశాల యెదుట దాచిన చిన్న డబ్బాను బాంబని శంకించి సైనికులు వచ్చి పేల్చివేసిరి. వినోదమునకు దాచినది ఊరివారిని భయపెట్టెను! కావున డబ్బాపై అదేమియో స్పష్టముగా వ్రాయుడు. వానలు వెలిసిన పిమ్మట పోయి, తడిసిన పుస్తకమును మార్చి రండు.