అధ్యాపకుని శాసనము – విద్యార్థి యుత్సాహము
(వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



మన సంఘము విద్యార్థులకు వేతనము లొసగుటయు, వసతిగృహములు నడపుటయు మీరెఱిగినదే. పిల్లలను విశ్వవిద్యాలయమున జేర్చుటతో మన విధి తీరినదని పలువురు తలచుచున్నారు. తరగతిలో వారి నెట్లు చూచుచున్నారో విచారించువారు అరుదు. ఇంట మొట్టమొదట పట్టపు చదువునకు పోవువారికి అధ్యాపకుని యొక్క మాట చదువు నిలుపగలదు. ఒక్క మాట మాన్పింపగలదు.

తరగతి నడపు రీతులు స్థూలముగా మూడు. భయముచే నేలుట మొదటిది. ఎవ రెట్లు పోయిన నేమని విడిచిపెట్టుట రెండవది. నియమములను ముందే తెలిపి, కారణము చెప్పి, ప్రశ్నకు చోటిచ్చి, చెప్పిన మాటపై నిలుచుట మూడవది. లెవిన్, లిప్పిట్, వైట్ అను పండితులు అమెరికాలో పదేండ్ల బాలుర బృందములపై జరిపిన పరిశోధనను 1939లో ప్రకటించిరి. నిరంకుశ నాయకుడు వెలుపలికి పోగానే పని కుంటువడెను. అందఱతో నాలోచించి నడపిన నాయకుడు లేకున్నను పని సాగెను. పట్టించుకొనని నాయకుని కడ పనియే తక్కువ. బాలురకు జెల్లినదెల్ల యువకులకు జెల్లునని చెప్పరాదు. అయినను తరువాతి కాలమున డెసీ, రయాన్ అను మనశ్శాస్త్రజ్ఞులు మనుష్యుని యుత్సాహమునకు మూడు మూలములు చెప్పిరి: నా యిచ్ఛతో చేయుచున్నానను భావము, చేయగలనను నమ్మకము, నన్ను తమవానిగా నెంచుచున్నారను నూరట. నలుగురిలో జరిగిన యవమానము ఈ మూటిని నొక్కసారిగా దెబ్బతీయును.

భయము లేక క్రమశిక్షణ యెట్లని కొంద ఱడుగవచ్చును. హాజరు కచ్చితముగా గైకొనవచ్చును. ఆలస్యమైన పత్రమునకు మార్కులు తగ్గింపవచ్చును. అది నియమము. తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవాని యింగ్లీషును వెక్కిరించుట నియమము గాదు. మఱునాడు వాడు వెనుక బల్లకు చేరును, సందేహ మడుగడు, అడుగని సందేహమే పరీక్షలో తప్పిన పత్రమగును. ఉదాసీనతయు మేలు గాదు. చదువుకొన్న యింటి బిడ్డకు ఇంట చెప్పువారు గలరు. మన బిడ్డలకు తరగతియే దిక్కు.

విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచు 2023లో మరణించిన యొక బాలిక విషయమైన వ్యాజ్యములో, 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానము విద్యార్థుల మనఃస్వాస్థ్యమునకై 15 మార్గదర్శకములు విధించినది. నలుగురిలో సిగ్గుపఱచుట కూడదనుటయు వానిలో నున్నది.

గౌరవము భయముచే రాదనుటకు మన కొక దృష్టాంతము గలదు. తరువాత 1931 నుండి 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు 1921లో మైసూరు వీడి కలకత్తాకు పోవునపుడు, విద్యార్థులే వారి బండిని రైలుస్టేషనుకు లాగుకొనిపోయిరి.

కావున సంఘమునకు మా మనవి మూడు. మనలో నధ్యాపకులైనవారు తప్పును ఏకాంతమున దిద్దుదురుగాక. వసతిగృహ నిర్వాహకులు నెలకొకసారి విద్యార్థులను తరగతి సంగతు లడుగుదురుగాక. అవమానము పొందిన బిడ్డ యే కులమువాడైనను సంఘము వాని పక్షమున కళాశాలాధికారులతో మాటలాడునుగాక. వేతన మిచ్చి పంపిన బిడ్డ మౌనియై తిరిగివచ్చినచో మన ధర్మము సగమే నెఱవేరినట్లు. ఈ మనవిని సభవారు తీర్మానముగా నంగీకరింతురని ప్రార్థించుచు విరమించుచున్నాము.