ఒక యంత్రమున రెండు తరముల ప్రోగ్రాములు



పదునైదేండ్ల క్రిందట కొనిన లెక్కల ప్రోగ్రాము నొకదానిని క్రొత్త లైనక్సు కంప్యూటరులో నడుపబోయినచో, 'అట్టి ఫైలు గాని డైరెక్టరీ గాని లేదు' అను సమాధానము రావచ్చును. ఫైలు కన్నుల యెదుటనే యుండును. పేరులో అక్షరదోషము లేదు. యంత్రము బొంకుచున్నదా యని తోచును. మేము నేడు ఈ చిక్కును విప్పి చూపదలచితిమి.

ఇది రెండు తరముల తగవు. ఇంటెల్ సంస్థ 1985లో తెచ్చిన 80386 ప్రాసెసరుతో 32 బిట్ల పద్ధతి ఈ వంశపు కంప్యూటరులలో ప్రవేశించెను. ఆ పద్ధతిలో ఒక ప్రోగ్రాము 4 గిగాబైట్లకు మించిన మెమరీని ఒక్కసారిగా చూడజాలదు. 2003లో ఏఎండీ సంస్థ 64 బిట్ల ప్రాసెసరును విడుదల చేయుచు, పాత ఆజ్ఞలను త్రోసివేయక, వానిపైననే క్రొత్తవానిని చేర్చెను. కావున ఆ వంశపు ప్రాసెసరు ఉభయభాషాప్రవీణయే. దానిపై నడచు 64 బిట్ల లైనక్సు కెర్నెలు కూడ సాధారణముగా అట్టిదే.

మరి లేనిదేమి? ఏ ప్రోగ్రామును సాధారణముగా ఒంటరిగా పనిచేయదు. ఫైలు తెఱచుటకు, తెరపై అక్షరములు చూపుటకు లైబ్రరీలను పిలుచుకొనును. ఆ లైబ్రరీలను తెచ్చి కూర్చు లోడరు పేరు ప్రోగ్రాము కడుపులోనే వ్రాయబడి యుండును. 32 బిట్ల ప్రోగ్రాము 32 బిట్ల లోడరునే అడుగును. క్రొత్త యంత్రములో అది లేదు. కెర్నెలు 'లేదు' అనినది ఆ లోడరును గుఱించి. ప్రోగ్రామును గుఱించియే యని మనము భ్రమింతుము. లోడరు నొక్కదానిని తెచ్చినను చాలదు. 64 బిట్ల లైబ్రరీని 32 బిట్ల ప్రోగ్రాము తనలో కలుపుకొనజాలదు. ఒకే యింట రెండు వంటిండ్లు ఉండవలసినదే.

పూర్వము డెబియన్ పంపిణీలో పాత లైబ్రరీలను ఒక పెద్ద మూటగా కట్టి యిచ్చెడివారు. అందులో ఒకదాని భద్రతాదోషము దిద్దవలసినను మూటనంతటిని మరల కట్టవలసి వచ్చెడిది. అది, మా దృష్టిలో, వంట కాదు, చద్దిమూట. 2013లో వెలువడిన డెబియన్ 7 'మల్టీఆర్చ్' పద్ధతిని తెచ్చి, ఒక్కొక్క తరపు లైబ్రరీలకు దాని పేరుతోనే వేఱు డైరెక్టరీ నొసంగెను. రెడ్‌హ్యాట్ వంశపు పంపిణీలు లిబ్, లిబ్64 అను రెండింటితో సరిపెట్టుకొన్నవి.

చేయవలసిన పని స్వల్పము. మొదట 'ఫైల్' అను ఆజ్ఞతో ప్రోగ్రాము 32 బిట్లదో 64 బిట్లదో తెలిసికొనవలెను. పిదప డెబియన్‌లో డీపీకేజీకి ఐ386 అను ఆర్కిటెక్చరును చేర్చుమని చెప్పి, ప్యాకేజీల పట్టికను నవీకరించి, కావలసిన లైబ్రరీ పేరు చివర కోలన్, ఐ386 తగిలించి తెప్పించుకొనవలెను. అయితే ఒకే లైబ్రరీ యొక్క రెండు రూపములును ఒకే వెర్షనుగా నుండి తీరవలెను. వెలుపలి రిపాజిటరీ నుండి ఒకదానిని మాత్రము క్రొత్తది తెచ్చుకొన్నవారిని, ఎన్నో ప్యాకేజీలను తొలగింతునా యని ఆప్ట్ అడుగుట కలదు. అప్పుడు 'అవును' అనుట వంటయింటి కొఱకు ఇల్లు కూల్చుకొనుటయే.

2019 జూన్‌లో ఉబుంటు వారు 32 బిట్ల ప్యాకేజీలను మానివేతుమనగా, ఆటల ప్రోగ్రాములవారు గగ్గోలు పెట్టిరి. కొద్ది దినములలోనే ఎంపిక చేసిన కొన్నింటిని నిలుపుటకు వారు సమ్మతించిరి. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13లో ఐ386కు ఇన్‌స్టాలరు లేదు, కెర్నెలు లేదు. 64 బిట్ల యంత్రముపై పాత ప్రోగ్రాములను నడుపుటకే అది మిగిలెను. తక్కిన 32 బిట్ల ఆర్కిటెక్చరులకు కాలమును లెక్కించు అంకెను 64 బిట్లకు పెంచిరి గాని, పాత ప్రోగ్రాములు చెడిపోవునని దీని జోలికి పోలేదు. ఆ అంకె 2038 జనవరి 19న నిండిపోవును. అంతవఱకు నిశ్చింత యనుకొనవలదు. 2040లో తీఱవలసిన అప్పునకు వాయిదాలు కట్టు పాత లెక్కల ప్రోగ్రాము నేడే తప్పు తేదీ చూపవచ్చును. అట్టిది మీ యింట నున్నచో, దూరపు తేదీ నొకదానిని వేసి యీ వారమే పరీక్షించి చూడుడు.