స్తనపునర్నిర్మాణమును గూర్చి యెప్పుడు విచారింపవలెను?

(మహిళాసభయందు చదివిన యుపన్యాసము)



మాకు వైద్యము రాదు. వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవారము. ఇట్టి విషయమును సభలో నెత్తుట కొందఱు పెద్దలకు సంకోచము గలిగింపవచ్చును. అయినను భారతదేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో రొమ్ముక్యాన్సరే యగ్రస్థానమున నున్నది. 2022వ సంవత్సరమున నొక్కయేట 1,90,000 మందికి పైగా నిది క్రొత్తగా కనిపించినట్లు అంచనా. ఇన్ని యిండ్లలో జరుగుచున్న దానిని గూర్చి సంఘము మౌనము వహించుట తగదు.

మేము చెప్పదలచినది యొక్కటి. రొమ్మును తీసివేయవలసి వచ్చినపుడు, దానిని మరల నిర్మించు శస్త్రచికిత్సను గూర్చి యడుగవలసినది కోతకు పూర్వమే గాని తరువాత గాదు.

మా పూర్వశిష్యురా లొకతె నలువదిరెండేండ్ల ప్రాయమున నీ వ్యాధి పాలయ్యెను. వైద్యునియొద్దకు భర్తయు, మామగారును, బావగారును వెంట వెళ్లిరి. ముగ్గురును ప్రశ్నలు వేసిరి. ఆమె నడిగినవారు లేరు. ఇట్టి చికిత్స యొకటి కలదని రెండేండ్లకు గాని యామెకు తెలియలేదు. "అప్పుడే తెలిసుంటే వద్దనేదాన్నేమో మాస్టరుగారూ. కాని ఆ వద్దనే మాట అనవలసినది నేను గదా!" అని మాతో ననెను.

ముందుగా నేల యడుగవలెను? చర్మము కొఱకు. పునర్నిర్మాణము తలపెట్టినచో, శస్త్రవైద్యుడు వ్యాధి యనుమతించినంతవఱకు పైచర్మమును, కొన్నియెడల చనుమొనను గూడ నిలిపియుంచును. ఒక్క మత్తులోనే రెండుపనులును జరుగవచ్చును. చర్మము పోయిన పిదప దానిని వేఱొకచోటినుండి తేవలెను, లేదా ఉన్నదానిని క్రమముగా సాగదీయవలెను. ఇది పరదేశవిద్య యని జంకనక్కఱలేదు. తెగిన ముక్కును చెక్కిలిచర్మముతో నతుకు విధానమును సుశ్రుతసంహిత చెప్పుచున్నది. 1794లో లండనుపత్రిక యొకటి పుణ్యపత్తనప్రాంతమున నుదుటిచర్మముతో ముక్కు నిలిపిన వృత్తాంతమును ప్రకటింపగా, ఐరోపా వైద్యులు దానినుండి నేర్చుకొనిరి. రొమ్మువిషయమున 1895లో జర్మనీలో చెర్నీ యను వైద్యుడు, రోగి దేహముననే యున్న క్రొవ్వుగడ్డను దెచ్చి లోటును పూరించెను. సిలికోను సంచి 1962లో అమెరికాలో వచ్చినది.

అయితే వెంటనే చేయుట యందఱకును తగదు. కిరణచికిత్స జరుగవలసియున్నచో సిలికోను చుట్టునేర్పడు పొర బిగిసి గట్టిపడుట హెచ్చు. అట్టివారికి కిరణములు ముగిసి ఆఱునెలలో సంవత్సరమో గడచినమీదట, పొత్తికడుపునుండియో వీపునుండియో తెచ్చిన సొంతమాంసముతో నిర్మించుట మేలని పలువురు వైద్యులు తలంతురు. గాయము మానక కీమోథెరపీ వెనుకబడు ప్రమాదమున్నను ఆగవలసినదే, ప్రాణరక్షణ మొదటిది. మధుమేహము అదుపులోనికి రావలెను. పొగాకు ముందుగానే మానవలెను, ఏలయన తెచ్చిపెట్టిన మాంసము రక్తప్రసారముచేతనే బ్రదుకును. (ఉత్తరాంధ్రమున అడ్డచుట్ట కాల్చు తల్లులు మాపై కోపింపకుందురు గాక!) ఆలస్యమైనవారు నిరాశ పడనక్కఱలేదు, పదేండ్ల తరువాతను చేయవచ్చును.

దోషములను దాచము. పూర్వపు స్పర్శజ్ఞానము సామాన్యముగా తిరిగి రాదు. రెండుమూడు పర్యాయములు శస్త్రచికిత్స కావలసిరావచ్చును. సిలికోను యావజ్జీవము నిలుచునది గాదు. గరుకుపైపొర గల యొక రకమును, అరుదైన లింఫుక్యాన్సరునకు హేతువగుచున్నదని 2019లో తయారుదారులే వెనుకకు తీసికొనిరి. పునర్నిర్మాణమువలన వ్యాధి తిరుగబెట్టునను భయమునకు మాత్రమాధారము లేదు. ఏదియు వలదనువారును, లోదుస్తులో నమర్చుకొను కృత్రిమస్తనముతో తృప్తిపడువారును గలరు. వారి నిర్ణయమును సరియైనదే. "ఈ వయస్సున నీకు సోకేల?" అను అత్తగారి మాటయే నిర్ణయము కారాదు.

పోషకమహాశయులకు ఒక్క మనవి. అమెరికాలో 1998నాటి చట్టము, రొమ్ము తీయుటకు ద్రవ్యమిచ్చు భీమాసంస్థలు పునర్నిర్మాణమునకును ఈయవలెనని శాసించినది. మన వైద్యసహాయనిధివారును దీనిని అలంకారముగా గాక చికిత్సలో భాగముగా నెంచవలెను. దరఖాస్తున గృహయజమాని సంతకమునకు మాత్రమే చోటున్నది. రోగి సంతకమునకును, ఈ విషయమును వైద్యుడు శస్త్రచికిత్సకు ముందే ఆమెకు స్వయముగా వివరించెనా యను ప్రశ్నకును రెండు పంక్తులు చేర్పవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాము.