ఒక నావికుని పరిశోధన

రేడియోలో మాటలాడువాడు రేడియో ఆపరేటరు కథ ఎన్నుకొనుట కొంత స్వపక్షపాతమే. శ్రోతలు మన్నింతురుగాక.

మార్టిన్ రాడ్‌బెల్ 1925లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జన్మించినారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరిన మరుసటి యేడే, 1944లో, చదువు విడిచి నౌకాదళమున రేడియో ఆపరేటరుగా పోవలసివచ్చినది. ఫిలిప్పీన్ అడవులలో మలేరియా పట్టుకొన్నది. 1946లో తిరిగివచ్చి, ఆగినచోటనే చదువు అందుకొన్నారు. పిదప సియాటిల్ నగరమున జీవరసాయనశాస్త్ర పరిశోధనకు పూనుకొని, 1954లో డాక్టరు పట్టము పొందినారు.

ఎలుక కాలేయమున లెసితిన్ అను కొవ్వుపదార్థము ఎట్లు తయారగునన్నది ఆయన సిద్ధాంతవ్యాస విషయము. అందులోని నిర్ణయము తప్పని యూజీన్ కెనెడీ అను శాస్త్రజ్ఞుడు పిమ్మట నిరూపించినారు. ప్రయోగమునకు వాడిన రసాయనము శుద్ధమైనది కాదు. యుద్ధము మ్రింగగా మిగిలిన యౌవనమును ధారపోసి సాధించిన ఫలితము ఒక సీసాలోని కల్తీవలన చెడినది! పట్టమును ఎవరును వెనుకకు అడుగలేదు గాని, మనసునకు తగిలిన దెబ్బ చిన్నది కాదు.

పదునైదేండ్లు గడచినవి. బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో రాడ్‌బెల్ గ్లూకగాన్ అను హార్మోను కాలేయకణమునకు తన వార్తను ఎట్లు అందించుచున్నదో పరీక్షించుచుండిరి. ఏటీపీ అను రసాయనము చేర్చగా హార్మోను కణపుపొరను విడిచిపోవుచున్నది. మరియొకరైన అంతటితో సంతోషించి వ్యాసము వ్రాసియుందురు. సీసాను నమ్మి ఒకసారి చెడినవారు మరల సీసానే శంకించినారు. ఏటీపీలో జీటీపీ అను మరియొక పదార్థము లేశమాత్రముగా కలిసియున్నది. ఆ పని చేసినది అదియే. ఈమారు కల్తీయే దారి చూపినది.

మన రేడియోలో ఏరియల్ వార్తను పట్టును, యంత్రము దానిని మార్చి పెంచును, అప్పుడు ధ్వని వినవచ్చును. కణమునందును హార్మోనును అందుకొను భాగమునకు, దాని ఆజ్ఞను పెంచి నెరవేర్చు భాగమునకు నడుమ, జీటీపీతో నడచు మధ్యవర్తి యొకటి ఉన్నదని ఆయన తలచినారు. ఆ మధ్యవర్తియగు ప్రోటీనును ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్ బృందము తరువాత వేరుచేసినది. దానినే జీ-ప్రోటీను అందురు. కలరా విషము ప్రేగులలో చేయునది ఈ ప్రోటీనును ఆగకుండ పనిచేయించుటయే; అందుచేతనే రోగి దేహములోని నీరంతయు పోవుచున్నది.

1994లో ఇరువురకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. 1998లో రాడ్‌బెల్ కాలధర్మము చెందినారు.